కుక్కకు పురుడేమిటంటారా?

ధనుర్మాసం. తెల్లవారకముందే ముగ్గు వేయడానికి వాకిట్లోకి వచ్చిన పక్కింటి పిన్నిగారు, మా మెట్ల కింద గోనెపట్టా పరుస్తున్న నన్ను చూసి ఆగిపోయారు. "కుక్కకు పురుడేంటమ్మా! దాని సంగతి అది చూసుకోదూ?" అన్నారు. ఆవిడ దయలేని మనిషి కాదు. చీమలు తింటాయని ముగ్గులో బియ్యప్పిండి కలుపుతారు. కాకికి ముద్ద వేయనిదే తను అన్నం ముట్టరు. అలాంటి మనిషి నోట ఆ మాట వచ్చినందుకే నేనీ వ్యాసం రాస్తున్నాను. గుంటూరులో మా వీధి మొత్తం అనే మాటే అది. మీ వీధిలోనూ అంటూనే ఉంటారు. కాస్త చదువుకున్నవాళ్లు దాన్నే "ప్రకృతిలో మనం జోక్యం చేసుకోకూడదు" అని చెబుతారు. కుక్కలంటే భయం, కోపం ఉన్నవాళ్లు "మీలాంటివాళ్లు పెట్టబట్టే ఇవి ఇంతగా పెరిగిపోతున్నాయి" అంటారు. మొదటి మాట నిజం కాదు. రెండోది తలకిందుల లెక్క. కడుపుతో ఉన్న వీధికుక్కను, అది కన్న కూనలను చూసుకోవడం మన వీధికి మనం చేసుకునే మేలు అని నా వాదన. దయ ఉన్నవాళ్లు దయతో చేస్తారు. దయ లేనివాళ్లు కూడా చేయవలసిన పని అది.

ముందు ప్రకృతి సంగతి చూద్దాం. అడవిలో ఆడతోడేలు ఈనే ముందు బొరియ తవ్వుకుంటుంది, లేదా పాత బొరియను బాగుచేసుకుంటుంది. ఈనాక మొదటి వారాల్లో కూనలను వదిలి దూరం పోదు. మగతోడేలు, గుంపులో మిగతావి వేటాడి దానికి తిండి తెచ్చి పెడతాయి. బాలింతను ఒంటరిగా వదిలేయడం ప్రకృతి పద్ధతి అని మనం అనుకుంటున్నాం గానీ, కుక్కకు అమ్మమ్మ వంశమైన తోడేళ్లలోనే అది లేదు. కుక్క వేల ఏళ్ల కిందట ఆ గుంపును వదిలి మన పొయ్యి పక్కకు చేరింది. కుక్కల్లో మగది తోడేలులాగా తిండి మోసుకొచ్చి పెట్టడం చాలా అరుదు. వీధికుక్కకు మిగిలిన గుంపు ఏదైనా ఉంటే అది మనమే. దానికి ఆ సంగతి తెలుసు కూడా. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందిత భద్ర బృందం వీధికుక్కలు పిల్లలు పెట్టే చోట్లను వెతికి గమనించింది. అవి మనుషులకు దూరంగా పోకుండా మనుషులు మసిలే చోటుకు దగ్గరలోనే తావు ఎంచుకుంటున్నాయని 2016లో ప్రచురించింది. మెట్ల కిందికో, కట్టుబడిలో ఉన్న ఇంటి ఇసుక గుట్టలోకో, పార్కు చేసి కదలని కారు కిందికో అది వచ్చిందంటే, మన దగ్గర క్షేమం ఉంటుందని లెక్కవేసుకుని వచ్చిందన్నమాట.

ఆ లెక్క ఎంతవరకు నిజమవుతోందో అదే బృందం, అదే ఏడు, మరో వ్యాసంలో చెప్పింది. పశ్చిమ బెంగాల్‌లో ఏడు చోట్ల అయిదేళ్లపాటు 95 ఈతల్లో పుట్టిన 364 కూనలను గమనించారు. సంతానం కనే వయసు దాకా బతికినవి దాదాపు 19 శాతం. చనిపోయినవాటిలో 63 శాతం చావులకు మనుషులే కారణం. బండ్ల కింద పడినవి, కొట్టి చంపినవి, విషం పెట్టినవి, తల్లి దగ్గరనుంచి ఎత్తుకుపోయినవి. "దాని సంగతి అది చూసుకుంటుంది" అనే మాటను ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. మనం జోక్యం చేసుకోకుండా లేం. ఎప్పటినుంచో చేసుకుంటూనే ఉన్నాం, చంపేవైపు. చక్రంతో, రాయితో, గోనెసంచితో చేసే పనిని ఎవరూ జోక్యం అనరు; మట్టిమూకుడులో నీళ్లు పెడితే మాత్రం అది జోక్యం అవుతుంది. ఈ తేడా ఎక్కడిదో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

కాలం కూడా కూనలకు అనుకూలంగా ఉండదు. చిత్తకార్తె కుక్కలని మనకు తిట్టు ఉంది గదా. అక్టోబరులో వచ్చే ఆ కార్తెలో కుక్కలు ఎదకు వస్తాయని మన రైతులు ఎన్ని తరాల కిందటో కనిపెట్టారు. ఏడాదిలో తక్కిన నెలల్లోనూ ఈనేవి ఉన్నా, ఎక్కువ వీధికుక్కల ఈతలు ఈ చలికాలం చుట్టూనే వస్తాయి. కుక్క చూలు ఇంచుమించు 63 రోజులు. లెక్క కట్టండి: చిత్తలో జతకట్టిన కుక్క డిసెంబరులో, ధనుర్మాసపు మంచులో ఈనుతుంది. మనకు అది హాయిగా ఉండే చలి. కళ్లు తెరవని కూనకు అదే మృత్యువు. పుట్టిన కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. మొదటి వారంలో దానికి వణకడం కూడా చేతకాదు. మొదటి వారం దాని ఒంటి వేడి ఉండేదే 35, 36 డిగ్రీల సెల్సియస్. చుట్టూ 30 డిగ్రీల వెచ్చదనం ఉంటేనే అది నిలుస్తుంది. తల్లి పొట్ట, తోటి కూనల ఒళ్లు, ఒక పొడి గుడ్డ, ఈ మూడే దాని పొయ్యి. తల్లి ఆకలికి తిండి వెతుక్కుంటూ రెండు వీధులు తిరిగి గంటకు వచ్చేసరికి సిమెంటు గచ్చు మీద కూనలు చల్లబడిపోతాయి. చల్లబడిన కూనకు పాలు అరగవు. అది చన్ను పట్టదు. తల్లి దాన్ని మూతితో పక్కకు నెట్టేస్తుంది. "తల్లే చంపుకుంది, పాపం" అని మనం అంటాం. తల్లి లేచి పోవలసిన అవసరం లేకుండా గిన్నెడు అన్నం దాని ముందుకే వచ్చి ఉంటే ఆ కూన బతికేది. పురుడు పోయడమంటే నేను చెప్పేది ఇంతే.

నిజానికి ఈ పనిలో సగానికి పైగా చేయకుండా ఉండవలసినవే. గాలి కొట్టని, వాన పడని మూల. నేల చల్లదనం తగలకుండా రెండు పొరల గోనెపట్టా, పైన పాత నూలుచీర. తడిస్తే మార్చాలి. తల్లికి అందేంత దగ్గరలో నీళ్లు, ఎప్పుడూ. పాలిచ్చే కుక్కకు దాహం ఎంతో చూసినవాళ్లకే తెలుస్తుంది. తిండి మామూలు కంటే ఎక్కువ: మూడో వారం వచ్చేసరికి, కూనలు ఎన్ని ఉంటే అంత, రెండింతల నుంచి నాలుగింతల దాకా కావాలి. అన్నంలో ఉడికిన గుడ్డో, కోడికాళ్లు ఉడికించిన నీళ్లో, పెరుగో కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు. ఆ తరువాత దూరం జరగాలి. మొదటి పది రోజులు కూనలను ఎత్తి ముద్దులాడవద్దు. వీధి పిల్లలందరినీ తెచ్చి చూపించవద్దు. ఫోన్ల వెలుగు వాటి మొహాల మీద కొట్టవద్దు. బెదిరిన తల్లి కూనలను నోట కరుచుకుని ఇంకా ప్రమాదమైన చోటికి మార్చేస్తుంది. ఇక ఈనేటప్పుడు: ఉమ్మనీటి సంచిని చింపడం, బొడ్డు కొరకడం, నాకి ఊపిరి తెప్పించడం అన్నీ దానికి తెలుసు. మాయను అదే తింటుంది, తిననివ్వాలి. ఈ ఒక్క చోట పిన్నిగారి మాట సగం నిజం.

మిగతా సగం ఉంది. అరగంట సేపు గట్టిగా ముక్కుతున్నా కూన బయటికి రాకపోయినా, ఒక కూన వచ్చి లోపల ఇంకా ఉన్నాయని తెలుస్తుండగా రెండు గంటలు దాటినా, మొదటి కూన కంటే ముందే ఆకుపచ్చటి స్రావం కనిపించినా పశువుల డాక్టరు కావాలి. ఆ ఆకుపచ్చ రంగు మాయ విడిపోతోందనడానికి గుర్తు. లోపల కూనకు ఊపిరి తీరిపోతోందన్నమాట. ఇంట్లో పెంచుకునే కుక్కకైతే ఆఖరి వారంలో రోజుకు రెండుసార్లు థర్మామీటరు పెట్టి చూడవచ్చు. మామూలుగా 101, 102 ఫారెన్‌హీట్ ఉండే వేడి 99 కంటే కిందికి దిగితే సాధారణంగా ఒక రోజులోపే ఈనుతుంది. వీధికుక్కకు థర్మామీటరు ఎవరు పెడతారు? కానీ ముక్కుతూ మూలుగుతూ రాత్రంతా పడి ఉన్న కుక్కను చూసి తలుపు వేసుకోవడానికి, ఒక ఫోను చేయడానికి మధ్య ఖర్చు తేడా ఎంత?

పెంపుడు కుక్కల ఇళ్లలో ఇంకో రకం తప్పు జరుగుతుంది. దాన్ని కూడా ఖండించకుండా పోలేను, ఎందుకంటే అది ప్రేమ పేరుతో జరుగుతుంది. "ఒక్క ఈత అయినా కననివ్వాలి, లేకపోతే దాని ఆరోగ్యం పాడవుతుంది" అని ఎంతోమంది నాతో నమ్మకంగా చెప్పారు. ఒక ఈత కనడం వల్ల ఆడకుక్కకు ఆరోగ్యం వస్తుందనడానికి ఆధారం లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన కుక్కకు గర్భాశయంలో చీము పట్టే జబ్బు రాదు అనేది మాత్రం నిజం. మాతృత్వం లేకపోతే జీవితం నిండదనే మన ఆడవాళ్ల మీది పాత తీర్పునే తీసుకెళ్లి కుక్క మీద రుద్దుతున్నాం. సరే, చూలు నిలిచింది. వెంటనే కాల్షియం టానిక్ మొదలుపెడతారు. చూలుతో ఉన్నప్పుడు అడ్డగోలుగా కాల్షియం పోస్తే ఒంటికి ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని అలవాటు తప్పుతుంది. ఈనిన రెండు నుంచి నాలుగు వారాల్లో, పాలు ఉధృతంగా దిగే రోజుల్లో, రక్తంలో కాల్షియం ఉన్నట్టుండి పడిపోతుంది. కుక్క రొప్పుతుంది, వణుకుతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి. చిన్న జాతుల్లో ఇది ఎక్కువ. గంటల్లో ప్రాణం పోగలదు. ఆ స్థితిలో ఇంటి చిట్కాలు పనికిరావు. కూనలను పక్కకు తీసి తల్లిని నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకుపోవడమే.

పాల సంగతి మరీ ఘోరం. తల్లిలేని కూన దొరికితే మన చేయి మొదట పోయేది ఆవుపాల ప్యాకెట్టు మీదికి. తల్లికుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో ఉన్నవాటికి రెట్టింపు పైనే ఉంటాయి, పాలచక్కెర తక్కువ. అందుకే ఆవుపాలు తాగిన కూన పొట్ట ఉబ్బి విరేచనాలై నీరసించిపోతుంది. కూనల కోసం చేసిన పాలపొడి మందుల దుకాణాల్లో దొరుకుతోంది. దాన్ని కూడా ముందు కూనను వెచ్చబరిచాకే పట్టాలి, బోర్లా ఉంచి పట్టాలి. మనిషి బిడ్డలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పట్టాక తడి దూదితో పొట్ట కింద మెల్లగా నిమిరితే గాని అది ఒంటికీ రెంటికీ పోలేదు. తల్లి నాలుక చేసే పని అది. రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి ఇదంతా చేయాలి. ఒక్కసారి చేసి చూసినవాళ్లెవరూ "దాని సంగతి అది చూసుకుంటుంది" అని మళ్లీ అనరు. తల్లి చేసే పని ఎంతో అప్పుడు తెలుస్తుంది. తల్లిని కూనల దగ్గర ఉండనివ్వడం కంటే చవకైన సేవ లేదని కూడా తెలుస్తుంది.

ఉండనివ్వం గదా. గోనెసంచి దగ్గరికి వస్తున్నాను.

మూడేళ్ల కిందట మా వీధిలో కర్రి అని పిలిచే నల్లకుక్క, కట్టుబడి ఆగిపోయిన ఒక ఇంటి ఇసుకలో ఏడు కూనలను పెట్టింది. తొమ్మిదో రోజున, ఇంకా కళ్లు తెరవకముందే, వీధి పెద్దలు కూర్చుని మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చారు. కర్రి తిండికి పోయిన వేళ చూసి ఏడింటినీ సిమెంటు సంచిలో వేసి, బండి మీద కాలవ గట్టు దాకా తీసుకుపోయి వదిలేశారు. చంపలేదు, "వదిలేశాం" అన్నారు. తొమ్మిది రోజుల కూనకు చూపు లేదు, వినికిడి లేదు, వేడి లేదు. పుట్టిన మొదటి రోజు ముర్రుపాలతో తల్లినుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తప్ప దానికి వేరే కవచం లేదు. వదిలేయడానికీ చంపడానికీ మధ్య ఆ ఒక్క రాత్రి తేడా. నేను ఊళ్లో లేను; ఉంటే ఆపగలిగేదాన్నని ధైర్యంగా చెప్పలేను.

తిరిగి వచ్చేసరికి కర్రి మూడు రాత్రులుగా ఏడుస్తూ ఇల్లిల్లూ వెతుకుతోంది. పాలు తాగేవాళ్లు లేక దాని చన్నులు రాళ్లలా గట్టిపడ్డాయి. ఒకటి పగిలి చీము కారింది. అంతకుముందు ఎవరినీ పళ్లు చూపి ఎరగని కుక్క, అయిదో రోజున పేపరు వేసే కుర్రాడి పిక్క పట్టుకుంది. రోజూ దానికి బిస్కెట్టు వేసిన కుర్రాడే. వాడు టీకాల కోసం ఆసుపత్రి చుట్టూ తిరిగాడు, నాలుగు రోజుల జీతం పోయింది. కూనలను తీసేస్తే వీధికి భద్రత వస్తుందన్న వాదన మా వీధిలో అలా ఫలించింది.

మా వీధి ఒక్కటే ఉదాహరణ అయితే ఇంత గట్టిగా రాయను. జైపూర్‌లో హెల్ప్ ఇన్ సఫరింగ్ అనే సంస్థ ఏళ్ల తరబడి వీధికుక్కలకు ఆపరేషన్లు చేసింది. ఆ నగరంలో కుక్కకాట్ల లెక్కలు ఎలా మారాయో 2013లో వెటర్నరీ రికార్డ్ పత్రికలో వచ్చింది. ఆపరేషన్లు జరిగిన ఆ ఏళ్లలో కాట్లు తగ్గాయి. కాట్లు ఎక్కువయ్యే కాలం కుక్కలు ఈనే కాలాన్ని అనుసరించి వస్తోందనీ, కూనలను కాపాడుకునే తల్లుల కోపం అందులో ఉందనీ ఆ రచయితలు చూపారు. వీధిలో జరిగే కాట్లలో కొంత భాగానికి మూలం బెదిరిన బాలింత. దాన్ని ఇంకా బెదిరించి కాట్లు తగ్గించాలనుకోవడం ఎలాంటి ఆలోచన?

నన్నయ మహాభారతం దాదాపు మొదట్లోనే సరమ అనే తల్లికుక్క ఫిర్యాదు ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోట సరమ కొడుకు ఆడుకుంటూ తిరుగుతుంటే రాజు తమ్ముళ్లు కొట్టారు. అది ఏడుస్తూ పోయి తల్లితో చెప్పుకుంది. సరమ నేరుగా రాజసభకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడిగింది. ఇలాంటి పని చేసేవారికి ఎదురుచూడని భయాలు వస్తాయని చెప్పి వెళ్లిపోయింది. రాజు ఆ మాట కొట్టిపారేయలేదు. దానికి శాంతి చేయించుకోవడానికి తగిన పురోహితుణ్ని వెతుక్కుంటూ తిరిగాడు. పత్రికల్లో మనం రాసుకునే సారమేయం అనే మాట ఆ సరమ పేరునుంచే వచ్చింది. తెలుగువాడి తొలి కావ్యంలో కుక్కతల్లికి సభలో నిలబడి అడిగే హక్కు ఉంది. కాలవ గట్టు మీది ఏడు కూనల గురించి కర్రి అడిగితే మా వీధి ఏం చెబుతుంది?

ఇక అందరికంటే బలమైన ప్రత్యర్థుల మాట. "పెడితే పెరుగుతాయి. పెరిగితే మా పిల్లల్ని పీకుతాయి." ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ని కుక్కలు చంపేశాయి. ఆ దృశ్యం దేశమంతా చూసింది. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి కుక్కల మీద దయ గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. భయపడేవాళ్లకు భయపడే హక్కు ఉంది. అందుకే వాళ్లతోనే లెక్క మాట్లాడాలి.

పట్టించుకోకుండా వదిలేస్తే కుక్కలు తగ్గుతాయా? పైన చెప్పిన బెంగాల్ అంకెలనే తీసుకోండి. పుట్టినవాటిలో అయిదింట నాలుగు చచ్చిపోతున్నాయి. ఇంతకంటే ఘోరంగా ఏ వీధి వదిలేయగలదు? అయినా వీధులు కుక్కలతో నిండుగానే ఉన్నాయి. ఎందుకంటే బతికిన ఆ ఒక్కటీ సరిపోతుంది. తల్లి వచ్చే చిత్తకార్తెకు మళ్లీ ఎదకు వస్తుంది. దశాబ్దాలపాటు కుక్కలను చంపిన మద్రాసు నగరం చివరికి 1996లో ఆపరేషన్ల దారి పట్టింది కూడా చంపడంవల్ల తగ్గకపోవడంవల్లే. కుక్కల సంఖ్యను నిలబెట్టేది మాంసం కొట్ల వెనక గుట్టలు, హోటళ్ల ఎంగిలి, మనం మూత పెట్టని చెత్తకుండీ. బాలింతకు రెండు నెలలు పెట్టే గిన్నెడు అన్నం ఆ లెక్కలో ఎక్కడ? సంఖ్య తగ్గాలంటే తల్లికి ఆపరేషన్ కావాలి, వేరే దారి లేదు. తల్లి దొరికితేనే ఆపరేషన్ సాధ్యం.

నా వాదన అంతా ఈ "దొరకడం" మీదే ఉంది. రాళ్లు తిన్న కుక్క, కూనలను పోగొట్టుకున్న కుక్క మునిసిపాలిటీ బండి చప్పుడుకే పది వీధులు దాటిపోతుంది. వల విసిరేవాళ్లకు దొరికేవి మంచి కుక్కలే, అంటే మనిషిని నమ్మినవి. కడుపుతో ఉన్నదాన్ని పట్టినా లాభం లేదు. 2001 నాటి కేంద్ర నిబంధనలే అలాంటిదానికి గర్భస్రావం గానీ ఆపరేషన్ గానీ చేయకుండా ఈనేదాకా వదిలేయాలని చెప్పాయి. పాలిచ్చేదాన్ని పట్టుకుపోతే ఇక్కడ కూనలు చస్తాయి. కనుక ఏడాదిలో ఆ తల్లి ఆపరేషన్‌కు అందే వ్యవధి ఒక్కటే: కూనలు పాలు మరిచాక, మళ్లీ ఎదకు వచ్చేలోపల. ఆ వ్యవధి ఎప్పుడు మొదలవుతుందో ఎవరికి తెలుస్తుంది? అది ఏ రోజు ఈనిందో తెలిసిన మనిషికి. పిలిస్తే అది ఎవరి దగ్గరికి వస్తుంది? రెండు నెలలు గిన్నె పెట్టిన మనిషి దగ్గరికి. నువ్వు పెడుతున్నావు కాబట్టే పెరుగుతున్నాయి అని నన్ను నిలదీసేవాళ్లతో నేను చెప్పేది ఇదే: పెట్టే మనిషి లేని వీధిలో ఆపరేషన్ బండి ఖాళీగా తిరిగిపోతుంది.

కూనల విషయంలోనూ అంతే. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల ఎవరితో కలిసిమెలిసి పెరుగుతుందో, వాళ్లనే జీవితాంతం తనవాళ్లనుకుంటుంది. 1961లో అమెరికాలో చేసిన ప్రయోగంలో, పద్నాలుగు వారాల దాకా మనిషి స్పర్శ లేకుండా పెరిగిన కూనలు ఆ తరువాత మనిషికి మచ్చిక కాలేదు. ఆ వారాల్లో మన పిల్లలు రాళ్లు రువ్వితే, రేపు ఆ పిల్లల వెంటపడే కుక్కను మనమే తయారుచేసుకున్నట్టు. నులిపురుగుల సంగతి వేరే చెప్పాలి. తల్లి కడుపులోనే కూనలకు ఏలికపాములు సంక్రమిస్తాయి. వాటి గుడ్లు మట్టిలో కలిసి, ఆడుకునే మన పిల్లల చేతులకు అంటి నోట్లోకి పోతాయి. రెండో వారం నుంచి రెండు వారాలకోసారి మందు పట్టిస్తే అది ఆగుతుంది. ఆరు, ఎనిమిది వారాల మధ్య పార్వో టీకా మొదలుపెట్టి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. ఇవన్నీ దగ్గరకు రానిచ్చే కుక్కపిల్లకే సాధ్యం. వీధికి రేబిస్ రాకుండా ఆపే గోడ ఈ కూనల ఒళ్లతోనే కట్టాలి.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. పదకొండు రోజులకే సవరించి, రేబిస్ ఉన్నవి, మీదపడేవి తప్ప తక్కినవాటిని ఆపరేషన్, టీకా తరువాత పట్టిన చోటే వదలమంది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్లనుంచి తీసేయమంది. ఆ నెలల్లో మా ఊళ్లో టీకొట్ల దగ్గర, టీవీల ముందు ఎంత వాదన విన్నానో చెప్పలేను. కుక్కలు ఉండాలా పోవాలా అనేదే. ఈనిన కుక్క గురించి ఒక్కరూ మాట్లాడగా నేను వినలేదు. వీధికి కొత్త కుక్కలు వచ్చే తలుపు అదే కదా! ఆ తలుపు దగ్గర ఎవరు కూర్చోవాలన్నది కోర్టులు తేల్చలేవు.

"మనుషులకే దిక్కులేదు, కుక్కలకా?" అని కూడా అంటారు. ఆ మాట అన్నవాళ్లను నేను ఏ మనిషికి దిక్కు అయ్యారని ఎదురు అడగను. అది వాదన కాదు, దెప్పడం. ఒకటి మాత్రం చెబుతాను. మా వీధిలో కర్రికి మొదట అన్నం పెట్టింది నేను కాదు. వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె. ఇద్దరు చిన్నపిల్లలు, అద్దె గది. తను తినేదానిలోంచి రెండు ముద్దలు తీసి పెట్టేది. "బాలింత గదక్కా, దానికీ ఆకలి ఉండదా" అంది నాతో. మనుషులకు దిక్కు లేదన్న సంగతి ఆమెకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? లేమిని సాకుగా చూపేది ఎప్పుడూ కలిగినవాళ్లే కావడం నన్ను చాలా కాలంగా కలవరపెడుతోంది.

మొదట్లో చెప్పిన ధనుర్మాసం, కర్రి ఏడు కూనలను పోగొట్టుకున్న మరుసటి ఏటిది. ఈసారి అది మా మెట్ల కిందికి వచ్చింది. నేను, ఇస్త్రీ బండి ఆమె కలిసి తావు సిద్ధం చేశాం. ఆరు కూనలు. చిన్నది ఒకటి రెండో రాత్రే పోయింది; ఎంత వెచ్చబెట్టినా నిలవలేదు. ఈనిన రోజు మరిచిపోకూడదని ఆమె మెట్ల కింద గోడ మీద బొగ్గుతో తేదీ రాసింది: డిసెంబరు 19. దాని కింద మందు పట్టిన రోజులకు గీతలు. పిన్నిగారు వారం రోజులు దూరంనుంచే చూశారు. ఆ తరువాత ఒక పొద్దున గిన్నెలో పెరుగన్నం తెచ్చి ఏమీ అనకుండా మెట్టు మీద పెట్టి వెళ్లారు. తరువాత ప్రతి పొద్దునా పెట్టారు. ముగ్గురు మూడు కూనలను తీసుకుపోయారు, వాళ్ల ఇళ్లు నేను వెళ్లి చూసి వచ్చాను. మిగిలిన రెండింటికీ టీకాలు పడ్డాయి. కర్రికి పాలు ఎండిపోయాక బండికి ఫోన్ చేశాం. వల తెచ్చారు గానీ అవసరం పడలేదు. ఇస్త్రీ బండి ఆమె పిలిస్తే వచ్చింది, ఆమె చేతుల మీదే బండి ఎక్కింది. నాలుగు రోజులకు ఎడమ చెవి కొస కత్తిరించిన గుర్తుతో తిరిగి వచ్చి అదే మెట్ల కింద పడుకుంది. పేపరు కుర్రాడు ఇప్పుడు సైకిల్ ఆపి దాని వీపు నిమిరి పోతున్నాడు.

గోడ మీద రెండో తేదీ ఫిబ్రవరి 27. ఆ తరువాత రెండు చిత్తకార్తెలు గడిచాయి. మూడో తేదీ రాయవలసిన పని మాకు రాలేదు.